సిస్టమ్ లాభాల్లో ఉంది, ఖాతా నష్టాల్లో ఉంది. ఒక్కో ట్రేడ్‌లో ఎంత పెట్టాలి?

కొత్తకుండ:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతూ మాత్రమే ఉన్నాను, అడగడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగైంది, ఏమీ అనుకోకండి.

నాది మామూలు బ్రేకౌట్ సిస్టమ్. షేరు 20 రోజుల గరిష్ఠం దాటి క్లోజ్ అయితే మర్నాడు ఓపెనింగ్‌లో కొంటాను, స్టాప్ లాస్ (ధర అక్కడికి పడితే అమ్మేయమనే ఆర్డర్) ఈమధ్య ఏర్పడ్డ కనిష్ఠం కింద పెడతాను, 10 రోజుల కనిష్ఠం తెగితే అమ్మేస్తాను. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. బ్యాక్‌టెస్ట్‌లో, అంటే పాత ధరల మీద ఇవే రూల్స్ వేసి చూస్తే, 212 ట్రేడ్లు వచ్చాయి, 40 శాతం గెలుపు, గెలిచిన ట్రేడ్ సగటు లాభం ఓడిన ట్రేడ్ సగటు నష్టానికి రెండున్నర రెట్లు. చూసుకుని తెగ మురిసిపోయాను.

ఏడు నెలల కింద లక్షతో నిజం డబ్బు పెట్టి మొదలుపెట్టాను. ఇప్పటికి 46 ట్రేడ్లు. 18 గెలిచాను, 28 ఓడాను, అంటే 39 శాతం. గెలిచినవాటిలో ధర నా స్టాప్ దూరానికి సగటున 2.4 రెట్లు నావైపు వచ్చింది. అంటే బ్యాక్‌టెస్ట్ చెప్పినట్టే దాదాపు నడిచింది కదా? మరి ఖాతాలో 71 వేలే ఎందుకున్నాయి?! సిగ్నల్స్ అన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ చార్టు మీద పెట్టి చూశాను, ఎక్కడా రూల్ తప్పలేదు. బ్రోకరేజ్, మిగతా ఖర్చులు అన్నీ కలిపినా రెండు వేలు దాటవు.

క్వాంటిటీ విషయంలో నాకంటూ ఒక రూల్ లేదని ఒప్పుకుంటాను. మామూలుగా ఒక్కో షేరులో 20, 25 వేలు పెడతాను, చార్టు బాగా నచ్చితే 50 వేలు. వరసగా మూడో నాలుగో పోతే తర్వాతి దాంట్లో ఇంకాస్త ఎక్కువ వేస్తాను, పోయింది రాబట్టుకోవాలి కదా. తప్పు ఇక్కడుందా, లేక ఎంట్రీకి ఇంకో ఇండికేటర్ ఏదైనా జోడించాలా? రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టట్లేదు, ఒకటే టెన్షన్.


పాతకాపు:

తమ్ముడూ, ఇండికేటర్ల జోలికి పోకు. నీ ప్రశ్నకి జవాబు నీ ఆఖరి పేరాలోనే ఉంది, నువ్వే రాసుకున్నావు.

ముందు ఒక లెక్క చూడు. ఎంట్రీకీ స్టాప్‌కీ మధ్య దూరాన్ని క్వాంటిటీతో గుణిస్తే వచ్చేది ఆ ట్రేడ్‌లో నువ్వు నిజంగా పణం పెట్టిన డబ్బు. దాన్ని ఒక ఆర్ అనుకుందాం, అందరూ అలాగే అంటారు. స్టాప్ తగిలితే ఒక ఆర్ పోయినట్టు, ధర స్టాప్ దూరానికి రెట్టింపు పెరిగాక అమ్మితే రెండు ఆర్ వచ్చినట్టు. ఇప్పుడు నీ అంకెలు పెట్టు. 18 గెలుపులు, ఒక్కోటి 2.4 చొప్పున 43 ఆర్. 28 ఓటములు, ఒక్కోటి ఒకటి చొప్పున 28 ఆర్. మిగులు 15 ఆర్. ప్రతి ట్రేడ్‌లోనూ ఖాతాలో 1 శాతం మాత్రమే పణం పెట్టి ఉంటే ఇవాళ నీ దగ్గర 1,15,000 చుట్టుపక్కల ఉండాలి. అవే షేర్లు, అవే తేదీలు, అవే స్టాపులు. 1,15,000కీ 71,000కీ మధ్య ఉన్న 44 వేలూ క్వాంటిటీ గడిలో నువ్వు కొట్టిన అంకె పుణ్యమే.

ఎంత కొనాలో తేల్చే పద్ధతి చాలా చిన్నది, ఒక్క భాగహారం. ఖాతాలో లక్ష ఉంది, 1 శాతం అంటే 1,000. షేరు ధర 500, స్టాప్ 480, దూరం 20. వెయ్యిని 20తో భాగిస్తే 50 షేర్లు, పెట్టుబడి 25 వేలు. ఇంకో షేరు ధర 80, స్టాప్ 68, దూరం 12. వెయ్యిని 12తో భాగిస్తే 83 షేర్లు, పెట్టుబడి 6,640 మాత్రమే. నువ్వేం చేస్తున్నావంటే రెండింట్లోనూ 25 వేలు పెడుతున్నావు. రెండోదాంట్లో అలా పెడితే 312 షేర్లు వస్తాయి, స్టాప్ తగిలితే పోయేది 3,744. అంటే ఒకదాంట్లో 1 శాతం, ఇంకోదాంట్లో 3.7 శాతం పణం పెట్టి, రెండింట్లో సమానంగా పెట్టాననుకుంటున్నావు. ఎక్కువ ఊగే షేర్లే ఎక్కువసార్లు బ్రేకౌట్ ఇస్తాయి కాబట్టి నీ పెద్ద నష్టాలు అన్నీ అలాంటివాటిలోనే వచ్చి ఉంటాయని నా అనుమానం, షీట్ తీసి చూడు.

స్టాప్ ఎక్కడో ముందు చార్టు చెప్పాలి, ఆ తర్వాతే క్వాంటిటీ. చాలామంది తలకిందులుగా చేస్తారు. ముందే 200 షేర్లు కొనాలని మనసులో అనుకుని, నష్టం ఎక్కువ కనపడుతోందని స్టాప్‌ని పైకి జరుపుతారు. ఆ స్టాప్ మామూలు ఊగిసలాటకే తగిలి పోతుంది, తర్వాత షేరు పరిగెడుతుంది, ధరల్ని ఆడించే ఆపరేటర్లు నా స్టాప్ కొట్టారని ఏడుస్తారు. నేనూ ఏడ్చాను ఒకప్పుడు.

ఇంకో జాగ్రత్త. స్టాప్ మరీ దగ్గరగా ఉంటే ఈ భాగహారం పిచ్చి అంకెలు చూపిస్తుంది. ధర 500, స్టాప్ 498 అనుకో, 500 షేర్లు కొనమంటుంది, అంటే లక్ష ఖాతాలో రెండున్నర లక్షల సరుకు. అందుకే పైన ఇంకో మూత పెట్టుకోవాలి, ఒక్క షేరులో మొత్తం క్యాపిటల్‌లో పావు వంతు దాటకూడదని నాకు నేను పెట్టుకున్నాను. నీకు 20 శాతం నచ్చితే 20 పెట్టుకో.


గుణకారం:

పాతకాపు గారు చెప్పింది సరిపోతుంది, కానీ 1 శాతమే ఎందుకు, 5 ఎందుకు కాకూడదు, 20 ఎందుకు కాకూడదు అన్నది ఎవరూ లెక్కేసి చూపించరు, అందరూ పెద్దల మాటలా 1 శాతం, 2 శాతం అని వల్లిస్తుంటారు. కాబట్టి కూర్చుని వేశాను. మీ బ్యాక్‌టెస్ట్ అంకెలే తీసుకున్నాను. 40 శాతం గెలుపు, గెలిస్తే 2.5 ఆర్, ఓడితే 1 ఆర్. లక్షతో 100 ట్రేడ్లు, సరిగ్గా 40 గెలిచి 60 ఓడారనుకుందాం. ప్రతిసారీ అప్పటికి ఖాతాలో ఉన్నదాంట్లో అదే శాతం పణం.

1 శాతం పెడితే లక్ష కాస్తా 1,47,000 అవుతుంది. 2 శాతానికి 2,09,000. 5 శాతానికి 5,12,000. 8 శాతానికి 9,87,000. 16 శాతానికి 20 లక్షలు. ఇక్కడిదాకా చదివి ఎగిరి గంతేయకండి. 16 దాటాక ఈ గీత కిందికి వంగుతుంది. 32 శాతం పెడితే మళ్లీ 1,45,000. 35 శాతం పెడితే 49 వేలు.

ఆ 32 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 1 శాతం పెట్టినవాడూ 32 శాతం పెట్టినవాడూ నూరు ట్రేడ్ల తర్వాత దాదాపు ఒకేచోట తేలారు! కానీ దారిలో ఏం చూశారో వేరు. 40 శాతం గెలుపు ఉన్న సిస్టమ్‌లో 100 ట్రేడ్లు వేస్తే ఎక్కడో ఒకచోట వరసగా 8 ఓటములు తగిలే అవకాశం దాదాపు సగానికి సగం, అదేమీ గ్రహపాటు కాదు, మామూలు విషయం. అలాంటి ఎనిమిదింట్లో 1 శాతం వాడికి పోయేది 7.7 శాతం. 5 శాతం వాడికి 34 శాతం. 8 శాతం వాడికి 49. 16 శాతం వాడికి 75. 32 శాతం వాడి ఖాతాలో మిగిలేది 5 శాతం కూడా లేదు. ఇక 35 శాతం వాడు లాభాల సిస్టమ్‌తో నష్టపోయాడు, అది కూడా అన్నీ సరిగ్గా అనుకున్నట్టు జరిగినా. మీ కథ దీనికి చెల్లెలు, మీరు స్థిరంగా ఒకే శాతం పెట్టలేదు కాబట్టి ఇంకాస్త గజిబిజి.

ఇలా ఎందుకవుతుందంటే ట్రేడింగ్‌లో లాభనష్టాలు కూడికలు కావు, గుణకారాలు. (నా పేరు అందుకే పెట్టుకోలేదు, యాదృచ్ఛికం.) 50 శాతం పెరిగి 50 శాతం తగ్గితే లక్ష లక్షగా ఉండదు, 75 వేలవుతుంది. 20 శాతం పోతే తిరిగి సమం కావడానికి 25 శాతం లాభం కావాలి, సగం పోతే 100 శాతం కావాలి. ఊగిసలాట పెరిగేకొద్దీ సగటు లాభాన్ని అదే తినేస్తుంది.

పైన 16 అనే అంకె ఊరికే రాలేదు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ఇచ్చిన ఫార్ములా అది. గెలిచే శాతంలోంచి, ఓడే శాతాన్ని లాభనష్టాల నిష్పత్తితో భాగించి తీసెయ్యండి. 0.6ని 2.5తో భాగిస్తే 0.24, దాన్ని 0.40లోంచి తీస్తే 0.16. ఖాతా అత్యంత వేగంగా పెరిగేది అక్కడే. దానికి రెట్టింపు దగ్గర పెరుగుదల ఇంచుమించు సున్నాకి వచ్చేస్తుంది, అదే మన 32. గణిత ప్రొఫెసర్ ఎడ్వర్డ్ థోర్ప్ దీన్ని ముందు బ్లాక్‌జాక్ పేకాటలో, తర్వాత మార్కెట్లో వాడాడు. ఆచరణలో దీన్ని తెలివిగా వాడేవాళ్లు సగమో పావో తీసుకుంటారు. సగం కెల్లీకి వృద్ధి వేగంలో మూడొంతులకు పైగా ఉంటుంది, ఊపు మాత్రం సగమే.


దూకుడు:

అంతా బాగానే ఉంది కానీ బ్రదర్స్, 1 శాతం పెట్టి ఎవడు బాగుపడ్డాడు చెప్పండి. లక్ష ఖాతాకి వెయ్యి రిస్క్, గెలిస్తే రెండున్నర వేలు. నేను చూసిన పెద్ద ఖాతాలన్నీ రెండు మూడు పెద్ద దెబ్బలతో వచ్చినవే. పైన లెక్కే చెబుతోంది కదా 16 శాతం పెడితే 20 లక్షలని, మరి ఆ 75 శాతం డ్రాడౌన్ (ఖాతా పైనుంచి కిందికి పడే లోతు) తట్టుకునే గుండె ఉన్నవాడు పెట్టుకోవచ్చుగా? భయపడేవాళ్లకి బ్యాంకు డిపాజిట్ ఉంది.


గుణకారం:

దూకుడు గారూ, గుండె సంగతి పక్కన పెట్టండి. 16 అనేది నిజంగా 16 అని మీకెలా తెలుసు?

ఈయన దగ్గరున్నది 212 ట్రేడ్ల బ్యాక్‌టెస్ట్. అందులో 40 శాతం గెలుపు వచ్చిందంటే సిస్టమ్ అసలు గెలుపు శాతం 40 అని కాదు, సుమారు 33కీ 47కీ మధ్య ఎక్కడో ఉందని అర్థం. మామూలు శాంపిల్ లెక్కే ఇది, బ్యాక్‌టెస్ట్‌లో తెలియకుండా చేసే మోసాలు, మనం నచ్చినట్టు మార్చుకున్న సెట్టింగులు ఇంకా లెక్కలోకి తేలేదు. ఇప్పుడు నిజం 33 అనుకోండి, అప్పుడు కెల్లీ 16 కాదు, 6 చిల్లర. మీరు 16 పెట్టి కూర్చుంటే కెల్లీకి రెండున్నర రెట్లు పెట్టినట్టు, ఖాతా వృద్ధి సున్నా కిందికి పోతుంది. సిస్టమ్ అప్పటికీ లాభాల సిస్టమే, ఒక్కో ట్రేడ్‌కి సగటున 0.15 ఆర్ ఇస్తుంది. 1 శాతం పెట్టినవాడు నెమ్మదిగా పైకి పోతుంటాడు, మీరు అదే సిస్టమ్‌తో దివాలా తీస్తారు.

ఎక్కువ పెట్టి తప్పు చేయడానికీ తక్కువ పెట్టి తప్పు చేయడానికీ పోలిక లేదు. తక్కువైతే కొంత లాభం వదులుకుంటాం. ఎక్కువైతే ఆడటానికి ఖాతా ఉండదు. మీరు చూసిన పెద్ద ఖాతాల సంగతి కూడా అంతే, అదే దెబ్బ అదే సైజులో వేసి ఖాళీ అయినవాళ్లు మీకు కనపడరు.

తెలివి తక్కువై ఇలా అవుతుందని కూడా అనుకోకండి. లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే ఫండ్‌లో మైరాన్ షోల్స్, రాబర్ట్ మెర్టన్ భాగస్వాములు, ఇద్దరూ 1997లో నోబెల్ తీసుకున్నవాళ్లు. సొంత డబ్బుకి పాతిక రెట్ల దాకా అప్పు తెచ్చి ఆడారు. 1998లో కొద్ది నెలల్లో దాదాపు 460 కోట్ల డాలర్లు పోయాయి. వాళ్లు పెట్టిన పందేల్లో చాలావరకు తర్వాత అనుకున్న దిశలోనే వచ్చాయంటారు, కానీ అప్పటిదాకా నిలబడే సైజు కాదు వాళ్లది.


రెండుఎన్:

నవ్వొచ్చే విషయం ఒకటి. కొత్తకుండ తన సొంత సిస్టమ్ అనుకుంటున్నది, 20 రోజుల బ్రేకౌట్ ఎంట్రీ, 10 రోజుల కనిష్ఠం ఎగ్జిట్, టర్టిల్ ట్రేడర్ల మొదటి సిస్టమ్‌కి జిరాక్స్ కాపీ. ట్రేడింగ్ నేర్పితే వస్తుందా, పుట్టుకతో రావాలా అని అమెరికా ట్రేడర్లు రిచర్డ్ డెనిస్, విలియమ్ ఎక్‌హార్ట్ వాదించుకుని, 1983లో కొత్తవాళ్లని పోగేసి రూల్స్ నేర్పారు, వాళ్లే టర్టిల్స్. అందరూ ఆ ఎంట్రీని తీసుకుని, దానికి వెన్నెముక లాంటి సైజింగ్‌ని వదిలేస్తారు.

వాళ్ల పద్ధతి క్లుప్తంగా. ఒక మార్కెట్ రోజుకి సగటున ఎంత ఊగుతుందో కొలిచేవాళ్లు, గ్యాప్‌లు (నిన్నటి క్లోజ్‌కీ ఇవాళ్టి ఓపెన్‌కీ మధ్య తేడా) కూడా కలిపి, 20 రోజుల సగటు. దానికి ఎన్ అని పేరు. ఇప్పుడు చార్టుల్లో ఏటీఆర్ అని కనిపించేది ఇంచుమించు అదే, వెల్స్ వైల్డర్ 1978లో ఇచ్చాడు. ఒక ఎన్ కదిలితే ఖాతాలో 1 శాతం కదిలేలా ఒక యూనిట్ సైజు ఉండేది. స్టాప్ రెండు ఎన్ దూరంలో, అంటే యూనిట్‌కి 2 శాతం రిస్క్. ఎక్కువ ఊగేది తక్కువ, తక్కువ ఊగేది ఎక్కువ కొంటాం, ప్రతి పొజిషన్ ఖాతాని ఒకే బలంతో లాగుతుంది.

నాకు ముఖ్యంగా నచ్చేది దానిపైన ఉన్న హద్దులు. ఒక మార్కెట్లో నాలుగు యూనిట్లకు మించకూడదు, ఒకదానితో ఒకటి కలిసి నడిచే మార్కెట్లు అన్నీ కలిపి ఆరు, ఒకే దిశలో మొత్తం పన్నెండు. ఖాతా 10 శాతం తగ్గితే, ఖాతా 20 శాతం తగ్గినట్టు భావించి సైజు కోసేవాళ్లు. మన కొత్తకుండ ఓడినప్పుడు పెంచాడు, వాళ్లు ఓడినప్పుడు తగ్గించారు. అక్కడే ఉంది తేడా. వాళ్లు ఫ్యూచర్స్‌లో (సరుకులు, కరెన్సీల లాంటివాటి ముందస్తు ఒప్పందాల్లో) ఆడేవాళ్లు కాబట్టి ఆ అంకెలు యథాతథంగా షేర్లకు తేవద్దు. షేర్లన్నీ ఇండెక్స్ పడితే కలిసే పడతాయి, అందుకని షేర్లకు హద్దులు ఇంకా బిగుతుగా ఉండాలి. ఒకే రంగంలో ఆరు షేర్లు, ఒక్కోదాంట్లో 1 శాతం పెట్టి, నేను 1 శాతం రిస్క్ తీసుకుంటున్నా అనుకోవడం భ్రమ, అది 6 శాతం పెట్టిన ఒకే ట్రేడ్. నా దగ్గర తెరిచి ఉన్న పొజిషన్లన్నిటి స్టాపులూ ఒకేరోజు తగిలితే పోయేది 6 శాతం దాటకూడదు, ఒకే రంగంలో 2 దాటకూడదు. హద్దు నిండితే ఎంత అందమైన సిగ్నల్ వచ్చినా వదిలేస్తాను. వదిలేసినవే మర్నాడు ఎగురుతాయి, అది వేరే బాధ.


కొత్తకుండ:

అందరికీ చాలా థ్యాంక్స్. పాతకాపు అన్నా, షీట్ తీసి మీరు చెప్పినట్టు ప్రతి ట్రేడ్‌కి పణం పెట్టింది ఎంతో ఇంకో వరస కట్టి చూశాను. చూశాక చెమటలు పట్టాయి. మూడంటే మూడు ట్రేడ్లలో 38 వేలు పోయాయి, 11, 13, 14 చొప్పున. మిగతా 43 ట్రేడ్లు కలిపి 9 వేలు లాభంలోనే ఉన్నాయి. ఆ మూడూ వరస ఓటముల తర్వాత రాబట్టుకుందామని వేసినవే. 14 వేలు పోయినదాంట్లో 70 వేలు పెట్టాను, స్టాప్ 13 శాతం కింద ఉంది, 9 వేల చిల్లర పోతుందిలే అనుకున్నాను, కంపెనీ ఫలితాలు వచ్చిన మర్నాడు ఏకంగా 20 శాతం కింద ఓపెన్ అయింది. స్టాప్ ఉన్నా ఏం లాభం.

రెండు సందేహాలు. ఒకటి, రెట్టింపు చేసుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తాం కదా, అప్పుడు పాతదంతా వచ్చేస్తుంది కదా, లెక్క ప్రకారం అందులో తప్పేంటి? రెండు, నాది చిన్న ఖాతా, 1 శాతం అంటే 700. ప్రతి ట్రేడ్‌కి రానూపోనూ ఖర్చు 40 దాకా అవుతుంది, ఖర్చులే తినేయవా?


పాతకాపు:

మొదటిదానికి. 1 శాతంతో మొదలుపెట్టి ఓడినప్పుడల్లా రెట్టింపు చెయ్యి. 1, 2, 4, 8, 16, 32. ఆరు ఓటములకి 63 శాతం పోయింది. ఏడోదానికి 64 కావాలి, నీ దగ్గర ఉన్నది 37. ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తావు, నిజమే, కానీ ఆ ఎప్పుడో వచ్చేసరికి పందెం కట్టడానికి డబ్బుండదు. వరసగా ఆరు ఓటములు నీ సిస్టమ్‌లో ఎంత మామూలో గుణకారం గారి లెక్క చూశాక నేను వేరే చెప్పక్కర్లేదు. పైగా నీ తర్వాతి ట్రేడ్‌కి నువ్వు ముందు ఓడావో గెలిచావో తెలియదు. దానికి నీ మీద జాలీ లేదు, బాకీ లేదు.

గ్యాప్ గురించి. స్టాప్ అనేది ఆ ధరకి అమ్ముతామన్న హామీ కాదు, ఆ ధర తగిలితే దొరికిన ధరకి అమ్మేయమన్న ఆర్డర్ మాత్రమే. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు యూరో 1.20 ఫ్రాంకుల కిందికి పోకుండా కట్టిన గోడ తీసేసినప్పుడు స్టాపులు పెట్టుకున్నవాళ్లు కూడా ఎక్కడో పాతాళంలో బయటపడ్డారు, కొందరు ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ బాకీ పడ్డారు. 1987 అక్టోబర్ 19న అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ ఒక్కరోజులో 22.6 శాతం పడింది. అలాంటిరోజు నిన్ను కాపాడేది స్టాప్ కాదు, ఒక్క షేరులో మొత్తం ఎంత పెట్టావన్న అంకె. నేను పావు వంతు మూత అన్నది అందుకే. నువ్వు ఆ షేరులో 70 వేల బదులు 18 వేలే పెట్టి ఉంటే అదే 20 శాతం గ్యాప్‌కి 3,600తో బయటపడేవాడివి. ఇక ఫలితాల ముందు రోజు సైజు సగం చేయడం నా అలవాటు, కొందరు పూర్తిగా బయటికి వచ్చేస్తారు, ఎవరి సిస్టమ్ వాళ్లది, కానీ ఫలితాల తేదీ తెలియకుండా మాత్రం పొజిషన్ పట్టుకోకు.

ఖర్చుల మాట కొట్టిపారేసేది కాదు. 700లో 40 అంటే ఆర్‌లో దాదాపు 6 శాతం. ట్రేడ్‌కి సగటున 0.4 ఆర్ ఇచ్చే సిస్టమ్ 0.34 ఇస్తుంది. నొప్పే కానీ బతుకుతుంది. ట్రేడ్‌కి 0.1 ఆర్ ఇచ్చే రోజువారీ ట్రేడింగ్ సిస్టమ్ అయితే చచ్చేది. ఖర్చు బాధిస్తే 1.5 దాకా వెళ్లు, 5కి వెళ్లకు. అసలు ఈ చిన్న ఖాతా నుంచే ఇల్లు గడవాలనుకుంటే మాత్రం ఏ సైజింగూ నిన్ను కాపాడలేదు, అది వేరే చర్చ.


గుణకారం:

ఒక మాట కలుపుతాను. మీ 212 ట్రేడ్ల ఆర్ అంకెలు ఒక వరసలో పెట్టి, వాటిని పేకముక్కల్లా వెయ్యిసార్లు కలిపి చూడండి, ప్రతిసారీ ఖాతా ఎంత లోతుకి దిగిందో రాసుకోండి. స్థిరమైన శాతం పెడితే చివరి మొత్తం మారదు, ఎందుకంటే గుణకారంలో వరస మారినా ఫలితం అదే. మారేది లోతు. బ్యాక్‌టెస్ట్‌లో మీకు 15 శాతం డ్రాడౌన్ కనపడి ఉండొచ్చు, అవే ట్రేడ్లు వేరే వరసలో వస్తే 25 కావచ్చు. వెయ్యిలో 950 సార్లు మీరు తట్టుకోగల లోతు ఎంత శాతానికి వస్తుందో చూసుకుని అదే మీ సైజు చేసుకోండి. దూకుడు గారికి 40 శాతం లోతు ఫర్వాలేదేమో, నాకు 20 దాటితే సిస్టమ్ మీదే నమ్మకం పోతుంది, రూల్స్ మార్చడం మొదలుపెడతాను. నా సంగతి నాకు తెలుసు కాబట్టి నేను ముప్పావు శాతం దాటను.


దూకుడు:

సరే, ఆ 33 శాతం లెక్క నేను ఎప్పుడూ వేసుకోలేదు, ఒప్పుకుంటున్నా. అయినా 1 శాతం నాకు చప్పగానే ఉంటుంది. ఖాతాని రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్కలో మీరన్నట్టు, చిన్న ముక్కలో నా ఇష్టం. పోతే చిన్న ముక్కే పోతుంది.


రెండుఎన్:

పోయాక పెద్ద ముక్కలోంచి తెచ్చి నింపనంటే మంచి పద్ధతే.


కొత్తకుండ:

ఆఖరిది. 1 శాతం దేంట్లో లెక్కేయాలి? నా దగ్గర 44 వేలు నగదు, షేర్ల విలువ ఇవాళ్టి ధరలో 27 వేలు. 71 వేలలో 1 శాతమా, నగదులోనా?


పాతకాపు:

నగదు ప్లస్ ఆ షేర్లు వాటి స్టాప్ ధరకి అమ్ముడుపోతే ఎంతొస్తుందో అది. కాగితం మీది లాభాన్ని నమ్ముకుని సైజు పెంచితే మార్కెట్ తిరిగినరోజు రెండువైపులా తగులుతుంది. నీ షేర్లు స్టాపుల దగ్గర ఎంత?


కొత్తకుండ:

25,500. అంటే 69,500, దాంట్లో 1 శాతం 695. ఇవాళ ఒక సిగ్నల్ ఉంది, క్లోజ్ 312, స్టాప్ 289, దూరం 23. భాగిస్తే 30 షేర్లు. 9,360 అవుతుంది. అన్నా ఇంత చిన్న ఆర్డర్ నేనెప్పుడూ వేయలేదు, చెయ్యి రావట్లేదు.


పాతకాపు:

నువ్వు కొనేది రేపటి ఓపెనింగ్‌లో కదా, 312 అని ఎవరన్నారు? 320లో ఓపెన్ అయితే దూరం 31, అప్పుడు 22 షేర్లే. ఆర్డర్ ఈ రాత్రే పెట్టేయకు, ఓపెన్ చూసి మళ్లీ భాగించు.